పదికి మూడు

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదులన్నీ చెప్పుకుంటూ పోతే ఈ కథ మొదలవ్వదు కాబట్టి, ఒక్కటే చెబుతాను. ఆవిడ మార్కులు వేస్తారు.

లెక్కల టీచరుగా రిటైరయ్యారు, సంతోషం. రిటైరైన మనిషి ఎర్ర పెన్ను కింద పెట్టాలి కదా. పెట్టలేదు. నా కాఫీకి మార్కులు, ఆరేసిన బట్టలకు మార్కులు, చుట్టాలకు నేను వీడ్కోలు చెప్పే తీరుకు మార్కులు. పెళ్ళయిన మర్నాడు అందించిన కాఫీకి పదికి మూడున్నర వచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో నా గరిష్ఠం అయిదున్నర. అదీ ఆవిడకు జలుబు చేసి రుచి తెలియని రోజున. బళ్ళో పిల్లలు ఆవిణ్ణి వెనకాల "అరమార్కు టీచర్" అనేవారట. సొంత కొడుకు కూడా ఆవిడ తరగతిలో ఆరు దాటి ఎరగడు. ఒకసారి మేమంతా మేడెక్కి సంపూర్ణ సూర్యగ్రహణం చూశాం. పట్టపగలు చీకటి పడి, పక్షులు గూళ్ళకు పరుగెత్తి, నేను నోరు తెరుచుకుని నిలబడిపోతే, ఆవిడ ఎనిమిది వేశారు. త్వరగా అయిపోయిందని రెండు కోత.

పది మాత్రం ఎవరికీ వేయలేదు. ఒకసారి వేసిన మార్కు దిద్దనూ లేదు. హెడ్మాస్టరు ఇంటికొచ్చి బతిమాలినా సరే, "వేసింది వేశాను" అనేవారట.

ఇంతటి మనిషి కాబట్టే మా భవనంలో ఏటా వేసవి సెలవుల్లో జరిగే టేబుల్ టెన్నిస్ పోటీలకు ఆవిడే అంపైరు. భవనం మధ్యనున్న ఖాళీ స్థలంలో బల్ల వేస్తారు. చుట్టూ మూడంతస్తుల వసారాలు, ప్రతి వసారాలో జనం. ఎవరు ఎవరిని ఓడిస్తారోనని లిఫ్టులో వాదనలు, మెట్ల మీద సవాళ్ళు. ఆ నెలన్నర మా భవనంలో అన్నాలు మాడతాయి, పిల్లల కంటే పెద్దవాళ్ళే ఎక్కువ అలుగుతారు. ఆడవాళ్ళ పోటీలో మూడేళ్ళుగా కప్పు పై అంతస్తు డ్రైవింగ్ టీచరుది. ఆవిడ సర్వీసు చేస్తే బంతి వస్తున్నట్టుండదు, మలుపు తిరుగుతున్నట్టుంటుంది. ఆ ఏడు ఎలాగైనా ఆవిణ్ణి కొట్టాలని నాకు పిచ్చి పట్టింది. వంటింటి గోడకేసి బంతి కొడుతూ సాధన చేసేదాన్ని. కుక్కరు కూత వేస్తే అది చప్పట్లనుకునేదాన్ని.

కానీ ఆ వేసవికి ముందే అత్తగారికి ల్యుకేమియా అని తేలింది.

రక్తం తయారయ్యే చోటే, ఎముకల లోపలి మూలుగలో, పనికిరాని కణాలు పుట్టి మంచివాటికి చోటు లేకుండా చేస్తున్నాయని డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. అత్తగారు బొమ్మను శ్రద్ధగా చూసి, వృత్తం సరిగా రాలేదన్నారు. మొదటి విడత మందులు ఆసుపత్రిలో ఉండి ఎక్కించుకున్నారు. జుట్టు ఊడింది, మాటలు తగ్గాయి. అయితే మందు పని చేస్తోందని, వేసవి చివర్లో రెండో విడత కూడా పూర్తి చేస్తే ఆశ పెట్టుకోవచ్చని డాక్టరమ్మ అంది. జనంలోకి పంపొద్దు, ఏ మాత్రం ఒళ్ళు వెచ్చబడినా వెంటనే తీసుకురండి, నొప్పికి మందుల షాపులో దొరికే బిళ్ళలు సొంతంగా వేయకండి, కొన్ని రక్తస్రావం తెస్తాయి, కొన్ని జ్వరాన్ని దాచేస్తాయి అని జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపింది.

వారానికోసారి పరీక్షకు వెళ్ళేవాళ్ళం. వెళ్ళినప్పుడల్లా నర్సు చిరునవ్వుతో అడిగేది. "నొప్పి ఎలా ఉందమ్మా? అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది. ఎంత చెప్తారు?"

"మూడు," అనేవారు అత్తగారు.

నర్సు మూడని రాసుకునేది. మా ఆయన ఊపిరి పీల్చుకునేవాడు. ఆయనకు కళ్ళద్దాల షాపు. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇంతకు ముందుది బాగుందా?" అని అడిగి, వాళ్ళేం చెబితే అదే నమ్ముతాడు. అలాంటివాడు తల్లి చెప్పింది నమ్మడా?

"మూడేనట. ఇంత జబ్బులో మూడంటే గొప్పే," అనేవాడు దారిలో.

నాకు మాత్రం ఆ మూడు మింగుడు పడలేదు. మెట్లెక్కేటప్పుడు ఆవిడ రెయిలింగు పట్టుకునే తీరు చూశాను. మంచం మీద ఒత్తిగిల్లే ముందు, దూకబోయే మనిషిలా కాసేపు ఆగడం చూశాను. పొద్దున్నే చూస్తే దిండు మీద తల పెట్టిన గుర్తే ఉండేది కాదు. కుర్చీలోనే తెల్లవారేది.

ఇంకోటి కూడా చూశాను. పోటీలు మొదలైన సాయంత్రం కింద బంతి టకటకలాడుతుంటే, నేను ఉత్సాహంగా ఆవిడ గది కిటికీ తెరిచాను. "మూసెయ్," అన్నారు. ఎవరు ఆడుతున్నారని అడగలేదు, ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. ఆ రోజు నేను కాఫీ ఇస్తే తాగి కప్పు ఇచ్చేశారు. మార్కు వేయలేదు.

ఇన్నేళ్ళూ ఆ మార్కుల గురించి ఫోనులో మా అమ్మకు చాడీలు చెప్పుకున్నదాన్ని, ఆ కప్పు పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడిపోయాను. మర్నాడు కావాలనే పంచదార బదులు ఉప్పు వేసి ఇచ్చాను. రెండు గుక్కలు తాగి పక్కన పెట్టారు. ఏమీ అనలేదు.

ఆ వారంలోనే భోజనాల దగ్గర ఆవిడ కంచం వైపు చూస్తూ, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పారు. "రెండో విడత వద్దు. డాక్టరుకు చెప్పేయండి."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మందు పని చేస్తోంది కదమ్మా అన్నాడు. పని చేయనీ అన్నారు ఆవిడ. దేనికి వద్దో చెప్పమంటే, దేనికి కావాలో నువ్వు చెప్పు అన్నారు. తరవాత గదిలో మా ఆయన, "నొప్పి కూడా పెద్దగా లేదు. మనసు విరిగిపోయినట్టుంది. ఇలాంటి జబ్బొస్తే ఎవరికి మాత్రం దిగులుండదు? అమ్మ ఇష్టం," అన్నాడు. అని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లో గోడ వైపు తిరిగినవాళ్ళు ఇద్దరయ్యారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మోకాళ్ళ కింద దిండు సర్దుతున్నాను. సర్దుతుంటే నుదుటి మీద చెమట పట్టింది, నోరు మాత్రం విప్పలేదు. అడగకుండా ఉండలేకపోయాను.

"అత్తయ్యా, మీ అబ్బాయి పుట్టినప్పటి నొప్పికి ఎన్ని మార్కులు వేస్తారు?"

మా ఆయన పుట్టుక మా ఇంట్లో పురాణం. కాళ్ళు ముందుకొచ్చి, రెండు రోజులు ఏడిపించి, బయట కూర్చున్న అమ్మమ్మ స్పృహ తప్పి, ఆవిడకో మంచం వేయాల్సి వచ్చిందట.

అత్తగారు కళ్ళు మూసుకునే కాసేపు ఆలోచించారు. అన్యాయం జరగకూడదు కదా.

"నాలుగు," అన్నారు.

తరవాతి వారం ఆసుపత్రిలో నర్సు అడిగింది. ఆవిడ మూడన్నారు. నర్సు పెన్ను కదిపేలోగా నేను డాక్టరమ్మ వైపు తిరిగి, "మా ఆయన ఎదురుకాళ్ళతో పుట్టినప్పుడు ఈవిడకు నాలుగేనటండీ," అన్నాను.

డాక్టరమ్మ చూస్తున్న రిపోర్టు బల్ల మీద పెట్టేసింది. కుర్చీ దగ్గరకు లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఇక అంకెలు అడగలేదు. నిద్ర పడుతోందా, ఒత్తిగిలగలరా, బట్టలు వేసుకోవడానికి ఎంతసేపు పడుతోంది, చివరిసారి నొప్పి లేకుండా కూర్చున్నది ఎప్పుడు అని ఒక్కోటే అడిగింది. టీచరు గదా, అడిగిన ప్రశ్నకు జవాబు ఎగ్గొట్టలేదు. చివరి ప్రశ్న దగ్గర మాత్రం ఆగారు. "గుర్తు లేదు," అన్నారు. మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మార్ఫిన్ బిళ్ళలు రాస్తున్నానని డాక్టరమ్మ అనగానే ఆయన తుడుచుకోవడం ఆపేశాడు. అది చివరి రోజుల్లో ఇచ్చేది కదా అని గొణిగాడు.

"ఇది చివర్లో ఇచ్చే మందు కాదండీ, నొప్పికి ఇచ్చే మందు," అందావిడ. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతామని, టైము ప్రకారం వేసుకోవాలని, మధ్యలో నొప్పి ఎగిస్తే వేసుకోవడానికి వేరే చిన్న మోతాదు ఉంటుందని, మలబద్ధకం చేస్తుంది కాబట్టి దానికి ముందే ఇంకో మందని చెప్పింది. ఒక రోగానికి మందు, ఆ మందుకు మందు, ఇది వ్యవకలనమా, సంకలనమా అన్నారు అత్తగారు. చాలా రోజులకు విన్న మొదటి వెటకారం. నాకు లేచి గంతులు వేయాలనిపించింది. ఆసుపత్రి కాబట్టి ఊరుకున్నాను.

కారెక్కాక నా వైపు తిరగకుండానే అన్నారు. "నేను వేసిన మార్కు నువ్వు దిద్దుతావా?"

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మూడో రోజు నేను గదిలోకి తొంగి చూస్తే, మంచం మీద, దిండు మీద, నోరు కొంచెం తెరిచి, గురక పెడుతూ నిద్రపోతున్నారు. మా ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను. ఇద్దరం గుమ్మంలో నిలబడి, సర్కసు చూస్తున్న పిల్లల్లా ఆ గురక విన్నాం. పది అన్నాడాయన నా చెవిలో. తల్లి దగ్గర నేర్వని ఔదార్యం.

నొప్పి తగ్గింది. మనిషి మాత్రం తిరిగి రాలేదు. నిద్రపోయేవారు, తినేవారు, మళ్ళీ గోడ వైపు తిరిగేవారు. రెండో విడత మాటెత్తితే వద్దనే అనేవారు. నేను పోటీల్లో రెండు ఆటలు గెలిచి ఎగురుకుంటూ వచ్చి చెబితే, "ఊఁ" అన్నారు. నొప్పితోపాటు దిగులూ పోతుందనుకున్నాం మేం. ఆ మాటే అంటే డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. కొంత పోతుంది, మిగిలింది విడిగా చూడాల్సిన జబ్బు అంది. అత్తగారిని అడిగింది. "గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి గానీ, ఏదైనా చేస్తే ఆనందం గానీ లేకుండా ఉందా?"

"మీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. విడదీసి అడగండి," అన్నారు ఆవిడ.

విడదీసి అడిగింది. ఆసక్తి లేదు. ఆనందమూ లేదు. బతకాలని లేదా అని కూడా అడిగింది, అంత సూటిగా. చావాలని లేదు, కానీ ఇదంతా ఎందుకో తెలియడం లేదు అన్నారు అత్తగారు. ఆ వాక్యంలో వెటకారం లేదు. డాక్టరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "పిచ్చి కాదమ్మా, బలహీనతా కాదు. దీనికీ మందుంది. కాకపోతే ఇది నిదానంగా ఎక్కుతుంది, కొన్ని వారాలు ఓపిక పట్టాలి," అంది. బిళ్ళ రాసి, కౌన్సిలర్ దగ్గరకు పంపింది.

కౌన్సిలర్ ఒక పొట్టి మనిషి, మాటకు ముందు నవ్వుతాడు. ఇష్టం పుట్టాక చేద్దామనుకుంటే అది పుట్టదు, ముందు చేయండి, అదే వెనకాల వస్తుంది అన్నాడట. రోజుకు ఒక్క పని, ఇదివరకు నచ్చినది, ఎంత చిన్నదైనా సరే. ఇంటికొచ్చాక అతనెలా ఉన్నాడని అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి, "అయిదున్నర," అన్నారు. మొదటి రోజునే నా జీవితకాల గరిష్ఠం కొట్టేశాడు. కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళులోనే ఎంత సంబరమో చెప్పలేను.

రోజూ ఒక పని. మొదట వసారా దాకా నడక, వెనక్కి రావడం. తరవాత ఒక లెక్క. చేసేవారు, కానీ మొహంలో ఏమీ ఉండేది కాదు. బిళ్ళ పని చేయడం లేదని మా ఆయన రోజూ గొణిగేవాడు. ఇంతలో నేను సెమీఫైనల్ గెలిచాను. భవనమంతా గోల. ఫైనల్లో నేను, డ్రైవింగ్ టీచరు. ఆవిడ మెట్ల మీద ఎదురై, "సీటు బెల్టు పెట్టుకుని రండి," అంది నవ్వుతూ. ఆ మాటకు ఒళ్ళు మండిపోయి, వంటింటి గోడను చావబాదుతున్నాను. టక్, టక్, టక్. ఆ గోడకు అవతలే అత్తగారి మంచం. మూసెయ్ అన్న మనిషి కదా, ఆపమంటారేమోనని ఒక చెవి అటే ఉంది.

గోడ అవతల నుంచి గొంతు వచ్చింది.

"ఎడమ వైపు బంతికి మణికట్టు ఆలస్యంగా తిరుగుతోంది."

బ్యాటు పట్టుకునే ఆవిడ గదిలోకి పరుగెత్తాను. "మీకెలా తెలుసు?"

"చప్పుడు తెలియదా? ఒకటి నిండుగా వస్తోంది, ఒకటి ఏడుస్తోంది." గోడకు వీపు ఆనించి, ఇటు తిరిగి కూర్చుని ఉన్నారు. "కాఫీ ఇచ్చి వెళ్ళి ఆడు. నిన్నటిది మూడు. అంతకు ముందోసారి ఉప్పు వేశావు, దానికి సున్నా."

అంటే అన్నీ తెలుసు. మార్కులు లోపలే పేరుకున్నాయి, బయటికి రావడానికే ఓపిక లేకపోయింది. ఆ పూట నేను కాఫీలో పంచదార వేశానో కన్నీళ్ళు వేశానో నాకే తెలియదు. నాలుగొచ్చింది.

ఫైనల్‌కు అంపైరు ఎవరని భవనంలో పెద్ద చర్చ. ఆవిణ్ణి జనంలోకి దింపకూడదు. అప్పుడు డ్రైవింగ్ టీచరే అంది, టీచరు గారు దిగలేకపోతే బల్లే ఆవిడ దగ్గరకు వెళ్తుందని. నలుగురు కలిసి బల్లను మోసుకొచ్చి సరిగ్గా మా మొదటి అంతస్తు వసారా కింద వేశారు. ఆవిడ పైన, మాస్కు కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, షాపు నుంచి మా ఆయన తెచ్చిన ఎత్తు స్టూలు మీద, వీపుకు దిండుతో. చుట్టుపక్కల ఎవరూ లేరు. గొంతు చాలదని స్కోరు అరవడానికి పక్కనే కొడుకు, అతనికీ మాస్కు. కోడలి ఆటకు అత్త అంపైరేమిటని ఎవరో అనబోతే, "ఆవిడ సంగతి మీకు తెలియదా, నాకే మంచిది," అంది డ్రైవింగ్ టీచరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నిజం కాబట్టి.

ఆట గురించి చెప్పడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. చెరో గేము. మూడోదాంట్లో ఆవిడ ముందుకు దూసుకుపోతే నేను ఎడమ వైపు మణికట్టు తిప్పి తిప్పి అందుకున్నాను. వసారాలు ఊగిపోతున్నాయి. ఎవరో పళ్ళెం మోగిస్తున్నారు. పది, తొమ్మిది. నాది పది. ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు. నా చెమట బల్ల మీద చుక్కలుగా పడుతోంది. డ్రైవింగ్ టీచరు కొట్టిన బంతి నా కుడి మూలకు వచ్చి, బల్ల చివర కనీకనబడకుండా ఏదో చేసి, కింద పడింది.

"పక్కకు తగిలింది. ఆట అయిపోయింది," అన్నారు పైనుంచి అత్తగారు. "అయిపోయింది!" అని అరిచాడు మా ఆయన, అంపైరు పక్కన నిలబడి అరవకూడనంత ఆనందంగా. నేను గెలిచాను. భవనం మీద పడిపోయేంత కేకలు.

బల్ల పక్కకు తగిలితే పాయింటు నాది. పై అంచుకు తగిలితే ఆవిడది. తగిలింది పై అంచుకు. నేను చూశాను. అవతల ఉన్న డ్రైవింగ్ టీచరుకు కనబడే వీల్లేదు. ఆవిడ చెయ్యి కలపడానికి అప్పుడే వచ్చేస్తోంది. ఆ చెయ్యి పట్టుకుంటే చాలు, కప్పు మా షోకేసులో ఉండేది. నాకా కోరిక లేదని అబద్ధం చెప్పను.

"అత్తయ్యా, అంచుకు తగిలింది," అన్నాను తలెత్తి.

"చెప్పేశాను కదా."

"మీరు పైనున్నారు. తగిలింది నా దగ్గర. నాకే కదా తెలిసేది?"

కేకలు సద్దుమణిగాయి. ఆవిడ నన్ను చూశారు, బల్ల అంచును చూశారు, మళ్ళీ నన్ను చూశారు. ఎప్పటికీ దిద్దని మనిషి. మా ఆయనైతే తల్లి వైపే చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి ఎత్తి డ్రైవింగ్ టీచరు వైపు చూపించారు.

పది, పది.

ఆ తరవాత గెలవడానికి కావలసిన రెండు పాయింట్లూ ఆవిడే కొట్టింది. కప్పు పై అంతస్తుకే వెళ్ళింది. వెళ్ళే ముందు నన్ను కౌగిలించుకుని, డ్రైవింగ్ ఊరికే నేర్పిస్తానంది. వద్దని చెప్పాను, ఆ వేగం చూశాక.

ఒళ్ళంతా చెమటతో, గుండె ఇంకా టకటకలాడుతూ మేడెక్కాను. స్నానం చేసి, బట్టలు మార్చుకుని, మాస్కు పెట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. అత్తగారు మంచం మీద కూర్చుని తొడ పట్టుకుని ఉన్నారు. స్టూలు మీద అంతసేపు కూర్చున్న ఫలితం.

నేను అడగకముందే, "ఆరుంది. ఆ చిన్న బిళ్ళ ఇవ్వు," అన్నారు.

ఇచ్చాను. నీళ్ళు తాగి గ్లాసు నా చేతిలో పెట్టారు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వచ్చే వారం రెండో విడతకు ఆసుపత్రిలో చేరాలి కదా, షాపు ఎవరికి అప్పజెబుతావు అని కొడుకును అడిగారు. అతను చూసుకుంటానంటూ అప్పుడే ఆసుపత్రి సంచి కిందికి దించాడు.

"మూడన్నప్పుడు ఎంతుండేదత్తయ్యా, నిజంగా?" అన్నాను.

"తొమ్మిది."

"పదెందుకు కాదు?"

"పది పిల్లలకే వెయ్యలేదు. రోగానికి వేస్తానా?"

కింద బల్ల మడుస్తున్న చప్పుడు, పిల్లల కేకలు. కిటికీ తెరిచే ఉంది. ఆవిడ కాసేపు అటే చూసి, నా వైపు తిరిగారు.

"ఆ మూడు నేను తప్పు వేశానమ్మాయ్," అన్నారు. "దిద్దెయ్."